వంకాయపువ్వు రంగు ఫోను

ఆ ఎండకాలం మొదలయ్యేనాటికి మా ఇంట్లో మగ్గం ఒక్కటే ఉండేది. ఇటు పక్క నేను, అటు పక్క నా తోడికోడలు భాగ్యలక్ష్మి కూర్చునేవాళ్లం. చీరలు నేసే మగ్గం కాదు అది. నాలుగు కర్రల చట్రం. దాని మీద జాకెట్టు గుడ్డను డప్పు తోలులాగా బిగించి, సన్నటి కొక్కెం సూదితో జరీ, పూసలు, కుందన్లు కుడతాం. పెళ్లిళ్ల కాలం వచ్చిందంటే మా ఇద్దరికీ తల ఎత్తే తీరిక ఉండదు.

మా ఊరు నార్కట్‌పల్లి నుంచి చిట్యాల పోయే దారిలో, హైవేకు కొంచెం లోపల. నా పెనిమిటి పరశురాములుకు ఎనభై గొర్ల మంద. ఎండలు ముదరగానే మందను తోలుకొని మిర్యాలగూడ కాల్వల దిక్కు పోతాడు. మళ్లీ తొలకరికి గానీ ఇల్లు చేరడు. మరిది గిరి హైవే మీద ఒక హోటల్లో గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాడు. ఇంట్లో ఉండేది మా అత్త గుర్వమ్మ, నా ఇద్దరు పిల్లలు, మేమిద్దరం.

పని నేను నల్లగొండకు ఆరు నెలలు బస్సులో తిరిగి నేర్చుకున్నాను. భాగ్యలక్ష్మి కొత్తకోడలుగా వచ్చాక ఆమెకు సూది పట్టడం నేర్పింది నేనే. ఈ మాట ఆ ఎండకాలం ఎంతమందితో అన్నానో నాకే తెలియదు. బస్సులో పక్కన కూర్చున్న మనిషితో కూడా అన్నాను.

ఉగాదికి రెండు రోజుల ముందు గిరి, భాగ్యలక్ష్మి బండి మీద నల్లగొండ పోయి వచ్చారు. ఆమె చేతిలో చిన్న అట్టపెట్టె. మా అత్త మంచం మీద కూర్చొని అది విప్పింది. లోపల, అరచేతిలో ఇమిడేంత పౌడరు డబ్బీ లాంటిది ఉంది. రంగు అచ్చం వంకాయపువ్వు రంగు. భాగ్యలక్ష్మి బొటనవేలితో మెల్లగా లేపితే అది విచ్చుకొని పొడుగాటి ఫోను అయింది. మళ్లీ మూస్తే టక్కుమని చిన్న చప్పుడు. నా బిడ్డ ఆ చప్పుడు కోసం పదిసార్లు మూయించింది.

"ఎంతరా గిది?" అని అడిగింది అత్త.

"ఎనబై ఐదు వేలే అవ్వా," అన్నాడు గిరి, నేల చూస్తూ.

అత్త ఇంకేమీ అనలేదు. అదే నాకు వింతగా తోచింది. నేను వంద రూపాయలు పెట్టి ప్లాస్టిక్ పూల తోరణం కొంటే మూడు రోజులు గొణిగిన మనిషి. ఎనభై ఐదు వేలంటే తొమ్మిది పొట్టేళ్లు. అన్నీ బలిసినవి, బక్రీదు సంతలో నిలబెట్టేవి. ఆ సాయంత్రం పొయ్యి దగ్గర అడిగాను. "గన్ని పైసలు ఎక్కడియి అత్తా వాళ్లకు?"

"వాళ్ల పైసలు. వాళ్ల ఇష్టం," అని అత్త మొహం పక్కకు తిప్పుకుంది.

నాకు తెలియకుండా వాళ్లు వెనకేసుకున్నారనీ, అత్తకు తెలిసే దాచిందనీ అనుకున్నాను. ఆ రాత్రి అన్నం నాకు సయించలేదు.

నా ఫోను మూడేళ్ల పాతది. అద్దం ఒక మూల నుంచి సాలెగూడులా పగిలి ఉండేది. వెనక రేకు ఊడిపోకుండా పిల్ల జడకు పెట్టే రబ్బరు చుట్టాను. ఆ ఉగాది దాకా ఆ రబ్బరు నా కంటికి ఆనలేదు. తర్వాత నలుగురిలో ఫోను తీయాలంటే కొంగు చాటున తీసేదాన్ని.

భాగ్యలక్ష్మి తన ఫోనును సగం మడిచి మగ్గం కర్ర పక్కన స్టూలు మీద పెట్టేది. ఎవరూ పట్టుకోకుండా దానంతటది కూర్చునేది, తల ఎత్తి చూస్తున్న కోడిపెట్టలాగా. మేం కుడుతుంటే అది వీడియో తీసేది. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆమె వాటిని కత్తిరించి, పాట కలిపి, తన పేరు మీద పెట్టేది. పది రోజుల్లో ఫోన్లు రావడం మొదలయింది. "భాగ్యలక్ష్మి గారేనా అండి? నెమలి డిజైను మీరే చేసిన్రా?"

నెమలి నేను చేసింది. మెడ దగ్గరి నీలిరంగు పూసల వరుస, తోకలో కళ్లు, అన్నీ నా చేతివి.

"అక్కా, ఇగో చూడు," అని ఆమె ఫోను నా ముందుకు చాపింది. "అందరు నీ చెయ్యినే మెచ్చుకుంటాన్రు. ఎంత సాఫ్‌గ ఉందో కుట్టు అని రాసిన్రు."

"నా పేరు ఎక్కడుందమ్మా అందుల?"

ఆమె ఒక నిమిషం తెల్లబోయి, "నీ పేరు కూడ పెడత అక్కా," అంది. మర్నాటి నుంచి పెట్టింది కూడా. కింద, చిన్న అక్షరాల్లో. అది చూసి నాకు ఇంకా మండింది. దయతలచి పెట్టినట్టు అనిపించింది.

మందలో ఉన్న పరశురాములుకు ఫోను చేశాను. వెనక గొర్ల అరుపులు, కాల్వ నీళ్ల హోరు.

"నాకు గసొంటి ఫోనే కావాలె," అన్నాను.

"ఎసొంటిది?"

"భాగ్య కొన్నసొంటిది. మడత పడేది."

గొర్లను అదిలించాడు. తర్వాత, "వచ్చినంక చూద్దంతియ్యి," అన్నాడు.

ఆ చైత్రం, వైశాఖం నేను చేసిన ఆలోచనంతా ఆ ఫోను గురించే. పగిలిన నా అద్దంలోనే మంచి మంచి ఫోన్ల బొమ్మలన్నీ చూశాను. ముప్పై వేల లోపల ఒక నల్లటి ఫోను ఉంది. బొమ్మలు మడత ఫోనుకు ఏమాత్రం తీసిపోవట, ఛార్జింగు రెండు రోజులు వస్తుందట. కానీ చూస్తే బడిపిల్లల పలకలాగా ఉంది. ఒకరోజు ధర చూసి పలకే మేలనుకునేదాన్ని. మర్నాడు భాగ్యలక్ష్మి టక్కుమని ఫోను మూయగానే మనసు మళ్లీ మడత మీదికి పోయేది. ఇంట్లో ఇద్దరం కోడళ్లం. ఆమె చేతిలో వంకాయపువ్వు, నా చేతిలో పలక. అట్లా ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు? నిజం చెప్పాలంటే ఎవరూ చూడాల్సిన పని లేదు. ఆమె చూడాలి. అదే రంగు నా చేతిలో ఆమె చూడాలి. నాకు కావలసింది అంతే.

ఒక మంగళవారం, ఎండ నిప్పులు చెరుగుతుండగా, మా వాకిట్లో ఆటో ఆగింది. భాగ్యలక్ష్మి, గిరి పూసలు తేవడానికి నల్లగొండ పోయారు. అత్త ఇంటి దగ్గర ఉంచుకున్న రెండు మేకలకు తుమ్మకాయ ఏరుకురావడానికి పోయింది. పిల్లలు పక్కింట్లో ఉన్నారు. ఆటోలోంచి యాభై ఏళ్ల మనిషి దిగింది. మొహాన పెద్ద బొట్టు, చేతిలో గుడ్డల సంచి. చిట్యాల నుంచి వచ్చిందట. పేరు అండాలు. పెద్దబిడ్డ పెళ్లి పెట్టుకున్నారు.

"భాగ్యలక్ష్మి అంటే నువ్వేనా బిడ్డా?" అని తన ఫోను నా ముందు పెట్టింది. "మా పిల్ల గీ జాకెట్టే కావాలని కూసున్నది. గీ చెయ్యే కావాలంటది."

అందులో నెమలి ఉంది. నెమలి మీద ఆడుతున్న చెయ్యి నాది. కొడవలి తగిలి ఏర్పడ్డ మచ్చ కూడా కనబడుతోంది. కింద భాగ్యలక్ష్మి పేరు.

భాగ్యలక్ష్మి సాయంత్రం వస్తుందని చెప్పొచ్చు. కూర్చోమని మజ్జిగ ఇవ్వొచ్చు. ఆ చెయ్యి నాదేనని చెప్పినా సరిపోయేది, అది నిజమే కదా. ఇప్పుడు తలచుకుంటే అన్నిటికన్నా అదే విచిత్రంగా ఉంటుంది. నిజం చెప్పినా ఆ పని నాకే వచ్చేది.

"ఆమె మా చెల్లె," అన్నాను. "గిప్పుడు పని చేస్తలేదమ్మా."

"అయ్యో. ఎందుకు?"

"నెల తప్పింది. వంగి కూసోవద్దన్నరు డాక్టరు."

ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలియదు. ముందే తయారై ఉన్నట్టు వచ్చింది. భాగ్యలక్ష్మికి పెళ్లయి ఐదేళ్లు. పిల్లలు లేరు. అంతకుముందు ఏడాదిలో గిరి, ఆమె చాలాసార్లు హైదరాబాద్ దవాఖానకు పోయి వచ్చారు. ఏమన్నారో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

అండాలు మొహం వికసించింది. "మంచిమాట. ఎన్నో నెల?"

"మూడోది," అన్నాను.

ఐదు జాకెట్లు. పెళ్లికూతురివి మూడు, తల్లికి ఒకటి, చిన్నబిడ్డకు ఒకటి. సంచి నా చేతిలో పెట్టి, సగం పైసలు ఇచ్చి, ఆటో ఎక్కేటప్పుడు, "మీ చెల్లెకు పుల్లగ తినబుద్ధైతదేమో, చూసుకో," అని చెప్పి పోయింది. ఆటో దుమ్ము అణిగేదాకా వాకిట్లోనే నిలబడ్డాను. భయం వేయలేదు. గెలిచినట్టే ఉంది.

పొద్దుగూకాక భాగ్యలక్ష్మి వచ్చి గుడ్డలు చూసింది. "పట్టు ఎంత మంచిగుందో. ఎవరివి అక్కా?"

"చిట్యాలోళ్లవి. మా అమ్మగారి దిక్కు ఎవరో చెప్పిన్రట."

"ఐదా? నువ్వొక్కదానివి ఎట్ల చేస్తవు, పెళ్లి ఇరవై రోజులు కూడ లేదాయె. నేను కూసుంట."

వద్దనలేకపోయాను. వద్దంటే ఎందుకని అడుగుతుంది. పైగా ఒక్కదాన్ని నిజంగానే చేయలేను. మర్నాటి నుంచి ఎదురెదురుగా కూర్చున్నాం. ఆమె ఫోను సగం మడిచి స్టూలు మీద పెట్టబోతే, "వాళ్లు వీడియోలు వద్దన్నరు. పెండ్లిదాక ఎవ్వలకు చూపియ్యొద్దట," అన్నాను. ఆమె మారుమాట లేకుండా ఫోను మూసి బొడ్డున దోపుకుంది.

పద్నాలుగు రోజులు. ఆమె చేతులు పెళ్లికూతురి జాకెట్టు చేతుల మీద హంసలు కుట్టాయి. కరెంటు పోతే విసనకర్రతో నాకు కూడా విసిరేది. నా బిడ్డ వచ్చి ఆమె వీపు మీద వాలి, "చిన్నమ్మా, నాక్కూడ హంస కుట్టు," అనేది. ఆ పిల్ల నా వీపు మీద ఎప్పుడూ వాలదు. అది కూడా చూస్తూ ఉండేదాన్ని. ఈ పని చేతికి ఇచ్చి పైసలు తీసుకున్నాక మొదట ఆ ఫోనే కొంటానని లోపల లోపల అనుకుంటూ, పూసకు పూస ఎక్కించేదాన్ని.

అండాలు శుక్రవారం వస్తానంది. బుధవారం నాడే వచ్చింది. చీర కొంగుతో మొహం తుడుచుకుంటూ నేరుగా లోపలికి నడిచి, మగ్గం ముందు నడుము వంచి కూర్చున్న భాగ్యలక్ష్మిని చూసి ఆగిపోయింది. మొదట వచ్చి పోయాక వీడియోల్లో ఆమె మొహం చూసిందేమో, ఇట్టే గుర్తుపట్టింది.

"అదేంది బిడ్డా. నెల తప్పింది, వంగి కూసోవద్దన్నరని మీ అక్క చెప్పె. గిట్ల కూసున్నవేంది?"

అత్త గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో చెంబు. నా చేతిలో సూది గుడ్డలో దిగినది దిగినట్టే ఉంది.

భాగ్యలక్ష్మి నా వైపు చూడలేదు. తల ఎత్తి అండాలు మొహంలోకి చూసింది. తర్వాత సూదిని జాగ్రత్తగా గుడ్డకు గుచ్చి, నడుము నిటారు చేసుకుంది.

"ఇయ్యాల్నే కూసున్నమ్మా," అంది. "గీ ఒక్క చెయ్యి అయితే అయిపాయె."

"ఇయ్యాల కూడ వద్దు. లే, లే. పని ఆలస్యమైతే మా పెండ్లి ఆగదు." అండాలు ఆమె పక్కన కూలబడి, ఒక చెయ్యి నెత్తిన, ఒక చెయ్యి కడుపు మీద పెట్టింది. "సల్లగుండు బిడ్డా. బిడ్డను ఎత్తుకునే నాటికి నాకు చెప్పు, నేనొస్త." సంచిలోంచి రెండు మామిడిపండ్లు తీసి ఒళ్లో పెట్టింది.

భాగ్యలక్ష్మి ఆ పండ్లను కొంగులో వేసుకుంది. తల వంచి, "గా రోజు వస్తదమ్మా, చెప్తా," అంది.

అండాలు పోయాక అత్త చెంబు కింద పెట్టి అడిగింది. "గా మాట ఎవరు చెప్పిన్రే ఆమెకు?"

"ఎవరో అనుకున్నరు అత్తమ్మా. పోనియ్," అని భాగ్యలక్ష్మి లేచి బయటికి పోయింది. పెరట్లో నీళ్ల తొట్టి దగ్గర చాలాసేపు మొహం కడుక్కున్నట్టు చప్పుడు. అత్త నన్ను చూస్తూ నిలబడింది. ఏమన్నా తిడితే బాగుండునని ఆ క్షణం నాకు అనిపించింది. ఆమె తిట్టలేదు. చెంబు తీసుకొని ఆమె కూడా పెరట్లోకి పోయింది.

ఆ రెండు రోజులూ భాగ్యలక్ష్మి తన వంతు హంసలు పూర్తి చేసింది. ఒక్క పూస తక్కువ కాలేదు.

వారం తిరక్కముందే గిరి నా దగ్గరికి వచ్చి, "వదినా, హోటలుకు రానుపోను కష్టమైతాంది. నార్కట్‌పల్లిల అర్ర కిరాయికి తీసుకున్న," అన్నాడు. అతనికి సంగతి తెలుసో లేదో అతని మొహం చూసి చెప్పలేను. ఆటోలో వాళ్ల బీరువా, మంచం, రెండు సంచులు ఎక్కాయి. మగ్గం గురించి అత్త అడిగింది. "అది అక్కదే," అంది భాగ్యలక్ష్మి. నా బిడ్డ ఆటో వెనక పరుగెత్తి, హైవే దాకా పోయి, ఏడుస్తూ తిరిగి వచ్చింది. నా చెయ్యి పట్టుకోనివ్వలేదు.

మృగశిరకు రెండు వానలు పడ్డాక పరశురాములు మందతో వచ్చాడు. నల్లగా మాడి, బుగ్గలు లోపలికి పోయి ఉన్నాడు. ఇల్లంతా కలయజూసి, తమ్ముడు లేని అర్ర ముందు కాసేపు నిలబడ్డాడు. "పని దగ్గరైతదని పోయిన్రంట గద," అన్నాడు. అవునన్నాను.

నా దగ్గర అండాలు ఇచ్చిన పైసలున్నాయి. భాగ్యలక్ష్మి వాటా అత్త చేతికిచ్చి పంపితే ఆమె తీసుకుంది, లెక్క అడగలేదట. తక్కువ పడితే ఐదు పొట్టేళ్లను అమ్ముతానన్నాడు పరశురాములు. "ఎండకాలమంత ఫోను ఫోను అన్నవు. పోయి తెచ్చుకుందం పా."

నల్లగొండలో, అద్దాల తలుపుల దుకాణం. లోపల చల్లగా ఉంది. పరశురాములు గొంగడి బయట బెంచీ మీద పెట్టి వచ్చి, కాళ్లకు బురద ఉందేమోనని తలుపు దగ్గరే ఆగాడు. నీలం చొక్కా వేసుకున్న అమ్మాయి రెండు ఫోన్లు తీసి మా ముందు గాజుపలక మీద పెట్టింది. ఒకటి వంకాయపువ్వు రంగు మడత. ఒకటి నల్లటి పలక.

మడతది చేతిలోకి తీసుకున్నాను. నున్నగా, చల్లగా ఉంది. బొటనవేలితో లేపితే మెల్లగా విచ్చుకుంది. ఎండకాలమంతా ఆమె చేతిలో చూసిన సోకు నా చేతిలో ఉంది. లోపలి అద్దంలో నా మొహం కూడా కొంచెం తెల్లబడ్డట్టు కనిపించింది.

"మధ్యల గీత ఉంటది మేడం, కొన్ని రోజులకు అలవాటైపోతది," అంది అమ్మాయి. "స్టయిల్ కావాలంటే ఇది. వాడకానికైతే అది. ఫోటోలు రెండిట్ల ఒక్కతీరే వస్తయి."

పరశురాములు పలక ఫోను తీసి, ఇటు తిప్పి అటు తిప్పి, వెనక గోటితో కొట్టి చూశాడు. "గొర్రెను కొనేటప్పుడు ఉన్ని చూస్తమా, పండ్లు చూస్తమా?" అన్నాడు. అమ్మాయి నవ్వింది. నేను నవ్వలేదు.

"నాకు గిదే కావాలె."

"కావాలంటే తీసుకో. నేను వద్దంటలేను." గొంతు తగ్గించాడు. "కానీ ఒక్కటి చెప్తా విను. గిరిగాడు కొన్న కత వేరు. వాడు దవాఖాన పైసలు పెట్టి కొన్నడు. మనకేం బాధున్నదని గంత ధర?"

"ఏ దవాఖాన పైసలు?"

అతను నా మొహం చూశాడు. నాకు తెలియదంటే నమ్మలేనట్టు చూశాడు.

"నీకు ఎరుక లేదా? హైదరాబాద్‌ల పిల్లల కోసం వైద్యం మూడుపాల్లు అయింది గద. మూడుసార్లు కడుపు నిలువలే. నాలుగోపాలికని పైసలు జమజేసుకున్నరు. గా పిల్ల ఇగ నాతోని కాదన్నదట. సూదులు, మందులు, మళ్ల మళ్ల గదే ఆశ. గా పైసలు ఇంట్ల ఉంటే మళ్ల గదే యాదికొస్తదని, నీకేం నచ్చితే గది కొనుక్కో అన్నడు గిరి. వాడు ఫోన్ల నాతోని ఏడ్చిండు. నేను కాల్వగట్టు మీద ఉన్న గప్పుడు. ఇంట్ల ఒక్కతాన పడి ఉండి మీరు చెప్పుకోరా ఇసొంటియి?"

అమ్మాయి మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. ఫోను నా చేతిలో విచ్చుకొని ఉంది. మూశాను. టక్కుమంది.

"గిది వద్దు," అన్నాను.

"నచ్చలేదా?"

"ధర ఎక్కువ."

నల్లటి పలక తీసుకున్నాం. అమ్మాయి మడత ఫోనును మెత్తని గుడ్డతో తుడిచి అద్దాల బీరువాలో పెట్టింది. తలుపు దాటేటప్పుడు నేను వెనక్కి తిరిగి దాన్ని చూడలేదంటే అబద్ధమవుతుంది. చూశాను.

నార్కట్‌పల్లి రాగానే బస్సులోంచి లేచాను. "నువ్వు పో. నేను భాగ్యను చూసొస్త," అన్నాను. పరశురాములు సరేనన్నట్టు తల ఊపాడు.

విత్తనాల దుకాణం మీద, మెట్లెక్కి పోతే వాళ్ల అర్ర. తలుపు తెరిచే ఉంది. కొత్త చట్రం కిటికీ పక్కన వేసుకొని భాగ్యలక్ష్మి కుడుతోంది. నన్ను చూసి లేచింది. చెంబుతో నీళ్లు ఇచ్చింది. "కూసో అక్కా," అని మళ్లీ సూది అందుకుంది.

చెంబు చేతిలో పట్టుకొనే మొదలుపెట్టాను. "గా చిట్యాలామెతోని నేను..."

"ఎరుకే అక్కా."

"ఎప్పుడు ఎరుకైంది?"

"ఆమె అన్నప్పుడే. నువ్వు గాక ఇంకెవ్వలు చెప్తరు?"

కింద రోడ్డు మీద లారీ ఒకటి గేరు మార్చుకుంటూ పోయింది. ఆమె నాలుగు కుట్లు వేసింది.

"మరి కాదని ఎందుకు చెప్పలేదు? నన్ను ఆడనే కడిగి పారేస్తే అయిపోయేది గద."

"పని గుంజుకున్నవని కోపం లేదు," అంది ఆమె. కుట్టు ఆపింది, కానీ తల ఎత్తలేదు. "ఆమె చెయ్యి పెట్టింది గద అక్కా. ఇక్కడ. గప్పుడు కాదని చెప్పబుద్ధి కాలే. ఒక్క గడియ నిజమే అనిపించింది. ఆమె పోయేదాక గట్లనే కూసున్న. ఆమె పోయినంక లేచి నిలబడితే..."

ఆ మాట అక్కడే వదిలేసింది. చీర అంచుతో ముక్కు తుడుచుకుంది.

"గా గడియ నీ వల్లనే వచ్చింది. అందుకే నిన్ను తిట్టలేను. అందుకే నీ మొకం కూడ చూడలేకపోతున్న."

 చెంబులో నీళ్లు అట్లాగే ఉన్నాయి. ఆ గది కిటికీలోంచి వెలుతురు నేరుగా చట్రం మీద పడుతోంది. మా ఇంట్లో అంత వెలుతురు లేదు. ఆ స్థితిలో కూడా, ఆ వెలుతురును చూసి ఒక్క క్షణం నా కడుపులో పాత మంటే రగిలింది. నన్ను చూసి నాకే సిగ్గేసింది.

"ఇంటికి రావా?" అని అడిగాను.

"రానక్కా." మళ్లీ సూది అందుకొని, "పిల్లను ఆదివారాలు పంపియ్," అంది.

ఆ వానకాలమంతా పిల్లను ఆదివారాలు పంపాను. బస్సెక్కించేదాన్ని, గిరి దింపుకునేవాడు. నేను మాత్రం మళ్లీ ఆ మెట్లు ఎక్కలేదు.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం కొత్త ఫోను మోగింది. అండాలు. గొంతు నిండా సంతోషం.

"బిడ్డా, మా పిల్ల శ్రావణానికి ఇంటికొచ్చింది. ఇంక నాలుగు జాకెట్లు కుట్టియ్యాలె. ఇంకోటి, మీ చెల్లెకు ఏడో నెల పడ్డది గద. గాజులు, పూలు తీసుకొని ఆదివారం వస్త. ఇంట్లనే ఉంటది గద?"

మగ్గం మీద సగం అయిన పని ఉంది. అత్త గడప మీద కూర్చొని బియ్యం ఏరుతోంది. ఆమె చేతులు ఆగాయి. పుట్టింటికి పోయిందని చెప్పొచ్చు. నిలవలేదని చెప్పినా నమ్మేది, అయ్యో అని ఊరుకునేది. ఆ రెండు మాటలూ నా నాలుక చివరిదాకా వచ్చాయి.

"అమ్మా, ఆమెకు ఏం లేదు," అన్నాను. "నెల తప్పలేదు. గా రోజు మీ పని నా చేతికి రావాలని నేను అబద్ధం చెప్పిన."

 ఫోను పెట్టేసిందేమో అనుకున్నాను.

"ఏమన్న మనిషివా నువ్వు?" అంది చివరికి.  అంతలోనే గొంతు మారింది. "మరి నేను కడుపు మీద చెయ్యి పెట్టి దీవిస్తే గా పిల్ల ఎందుకు ఊకున్నది? కాదని చెప్పొచ్చు గద."

ఎందుకో నాకు తెలుసు. అయితే ఆ మాట భాగ్యలక్ష్మిది. నేను ఒకరికి చెప్పేది కాదు.

"గది మాత్రం ఆమెను అడగకుండ్రమ్మా," అన్నాను. "జాకెట్లు ఆమెకే ఇయ్యుండ్రి. హంసలు ఆమె కుట్టినయే. నార్కట్‌పల్లిల ఉంటది. నంబరు చెప్తా, రాసుకోండ్రి."

అవతల కాగితం కోసం వెతుక్కుంటున్న చప్పుడు వినిపించింది. "ఆఁ, చెప్పు," అంది అండాలు. నేను అంకెలు ఒక్కొక్కటే చెప్పాను.